ఢిల్లీ విమానాశ్రయ మెట్రో ఎక్స్‌ప్రెస్ మార్గము

ఢిల్లీ విమానాశ్రయ మెట్రో ఎక్స్‌ప్రెస్ మార్గము న్యూఢిల్లీ రైల్వే స్టేషను ప్రాంతమును ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయముతో కలుపు మెట్రో రైలు మార్గము. దీనినే ఆరెంజ్ లైన్ అని కూడా అంటారు. ఢిల్లీ మెట్రో మార్గాలన్నిటిలోను రైళ్ళు అత్యధిక వేగముతో నడిచేది ఇక్కడే. 2011లో ప్రారంభమైన ఈ మార్గము, వంతెన భాగములో లోపాలు బయటపడుటచే 2012లో మూతపడి, 2013లో తిరిగి తెరువబడినది. 2023 సెప్టెంబరులో దీని గరిష్ఠ వేగము గంటకు 120 కి.మీ.కు చేరినది.

మార్గము, స్టేషన్లు

మొదట నిర్మించిన మార్గము పొడవు సుమారు 22.7 కి.మీ. ఇందులో ఎక్కువ భాగము భూగర్భములోను, మిగిలినది స్తంభాలపై కట్టిన వంతెన మీదను ఉన్నది. న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం, ధౌలా కువాఁ, ఢిల్లీ ఏరోసిటీ, విమానాశ్రయము (మూడవ టెర్మినల్), ద్వారకా సెక్టార్ 21 అనునవి మొదటి ఆరు స్టేషన్లు. 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ యశోభూమి సమావేశ కేంద్రముతో పాటు ఈ మార్గపు పొడిగింపును కూడా ప్రారంభించినారు. సుమారు 2 కి.మీ. పొడవు గల ఈ పొడిగింపుతో, భూగర్భములో నిర్మించిన యశోభూమి ద్వారకా సెక్టార్ 25 ఏడవ స్టేషనుగా చేరినది.

ప్లాట్‌ఫారము అంచున ప్రయాణికులు పట్టాలపై పడకుండా అడ్డుతెరలు, వాటికి తలుపులు అమర్చబడినవి. రైలు ఆగిన తరువాత రైలు తలుపులతో పాటు ఈ తలుపులు కూడా తెరచుకొనును. న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్లలో కొన్ని విమాన సంస్థల ప్రయాణికులు తమ సామానును ముందుగానే అప్పగించుటకు ఏర్పాటు చేయబడినది.

రైళ్ళు

స్పెయిన్ దేశమునకు చెందిన సి.ఎ.ఎఫ్. సంస్థ ఈ మార్గమునకు ఆరు పెట్టెలు గల ఎనిమిది రైళ్ళను సరఫరా చేసినది. విమాన ప్రయాణికులు తమ సామాను పెట్టుకొనుటకు వీలుగా పెట్టెలలో అరలు ఉన్నవి. మార్గమును గంటకు 135 కి.మీ. వేగమునకు రూపొందించినారు. అయినను చాలా కాలము రైళ్ళు అంతకన్నా ఎంతో తక్కువ వేగముతో నడిచినవి. ఇందుకు కారణము రైళ్ళ సామర్థ్యము కాదు, వాటి క్రింద ఉన్న కట్టడము.

ప్రారంభము

2008 ఆగస్టు 25న ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ (డి.ఎం.ఆర్.సి.), రిలయన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఆధ్వర్యములోని ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో ఎక్స్‌ప్రెస్ సంస్థల మధ్య 30 సంవత్సరాల ఒప్పందము కుదిరినది. సొరంగాలు, వంతెనల వంటి సివిల్ నిర్మాణము డి.ఎం.ఆర్.సి. వంతు కాగా, రైళ్ళు, సిగ్నళ్ళు తదితర వ్యవస్థలు, నిర్వహణ ప్రైవేటు సంస్థ వంతు. 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి మార్గమును సిద్ధము చేయవలెనని తలచినను అది సాధ్యము కాలేదు. 2011 ఫిబ్రవరి 23న రైళ్ళు మొదలైనవి. ధౌలా కువాఁ, ఏరోసిటీ స్టేషన్లు అదే సంవత్సరము ఆగస్టులో తెరువబడినవి.

2012 మూసివేత

వంతెన గర్డర్లు నేరుగా స్తంభాలపై ఆనవు. రెండింటి మధ్య బేరింగులు అను మెత్తలు ఉండును. రైలు బరువును, ఎండకు చలికి గర్డరులో కలుగు సంకోచ వ్యాకోచాలను ఇవి భరించును. బేరింగు సరిగా ఆనకపోయినచో బరువు ఒకవైపుకు ఒరిగి, కట్టడమునకు హాని కలుగవచ్చును. ఈ మార్గములో బేరింగుల వద్దను, గర్డర్లలోను లోపాలు గుర్తించబడినవి. అందుచే 2012 జులైలో రైళ్ళను నిలిపివేసినారు. మరమ్మతులు, భద్రతా తనిఖీ జరిగిన తరువాత 2013 జనవరి 22న గంటకు 50 కి.మీ. వేగ పరిమితితో రైళ్ళు తిరిగి మొదలైనవి. 2013 జులై 1 నుండి నిర్వహణ బాధ్యత డి.ఎం.ఆర్.సి. చేతికి వచ్చినది.

వేగము పెంపు

డి.ఎం.ఆర్.సి. వేగమును దశలవారీగా పెంచినది. 2023 మార్చిలో గంటకు 90 నుండి 100 కి.మీ.కు, జూన్‌లో 110 కి.మీ.కు, సెప్టెంబరు 17న 120 కి.మీ.కు పెంపు జరిగినది. ఇందుకొరకు చేసిన పనులలో ముఖ్యమైనది పట్టాల బిగింపులను మార్చుట. ఇటువంటి మార్గములో కంకర ఉండదు. పట్టాలను కాంక్రీటు దిమ్మెలకు టెన్షన్ క్లాంపులు అను స్ప్రింగు వంటి ఉక్కు బిగింపులతో బిగింతురు. వేగము పెరిగిన కొలది ఈ బిగింపులపై అదురు, ఒత్తిడి పెరుగును. కావున సుమారు 2.6 లక్షల బిగింపులను తీసివేసి, వాటి స్థానములో ఎక్కువ బలము గలవి అమర్చినారు. దీనితో న్యూఢిల్లీ నుండి విమానాశ్రయమునకు సుమారు 18 నిమిషాలు పట్టే ప్రయాణము పదహారు నిమిషాల లోపునకు తగ్గినది.

అనుసంధానము, ఛార్జీలు

తొలినాళ్ళలో ఈ మార్గము మిగిలిన మెట్రో మార్గాలతో సరిగా కలిసి ఉండలేదు. 2019 ఫిబ్రవరిలో ధౌలా కువాఁ స్టేషనును పింక్ లైన్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషనుతో కలుపుతూ సుమారు 1.2 కి.మీ. పొడవైన పాదచారుల వంతెన తెరువబడినది. ఇందులో సామానుతో నడచువారి కొరకు కదిలే నడకదారులు ఉన్నవి. ఈ పింక్ లైన్ స్టేషనుకు రాజమండ్రిలో జన్మించిన స్వాతంత్ర్య సమరయోధురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టుట తెలుగువారికి గమనింపదగినది. 2022లో న్యూఢిల్లీ రైల్వే స్టేషను నుండి మెట్రో స్టేషనుకు ఆకాశ వంతెన కూడా ఏర్పడినది.

ఛార్జీలను 2014లో గరిష్ఠముగా 40 శాతము, 2015లో గరిష్ఠముగా 50 శాతము తగ్గించినారు. దీనితో విమాన ప్రయాణికులే కాక నిత్యము ఉద్యోగాలకు వెళ్ళువారు కూడా ఈ మార్గమును వాడుట పెరిగినది.

న్యాయ వివాదము

లోపాలు నిర్ణీత గడువులో సరిదిద్దబడలేదని ప్రైవేటు సంస్థ 2012 అక్టోబరులో ఒప్పందమును రద్దు చేసుకొనినది. 2017 మే నెలలో మధ్యవర్తుల మండలి ఆ సంస్థకు వడ్డీ గాక సుమారు 2,800 కోట్ల రూపాయలు చెల్లింపవలెనని తీర్పునిచ్చినది. ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము 2019లో దానిని చాలావరకు కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో పునరుద్ధరించినది. చివరకు 2024 ఏప్రిల్ 10న క్యూరేటివ్ పిటిషన్‌పై సుప్రీంకోర్టు తన పూర్వపు తీర్పునే రద్దు చేసి, హైకోర్టు ధర్మాసనపు నిర్ణయమును నిలబెట్టినది. మరమ్మతుల తరువాత మార్గము ప్రయాణమునకు తగినదని మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ ఇచ్చిన ధ్రువపత్రమును మధ్యవర్తులు పట్టించుకొనలేదనుట ఈ తీర్పులో కీలకమైన అంశము. డి.ఎం.ఆర్.సి. అప్పటికే జమ చేసిన మొత్తమును తిరిగి ఇవ్వవలెనని కూడా న్యాయస్థానము ఆదేశించినది.