ఆకు నుండి మాత్ర దాకా: మధుమేహ చరిత్రలో రెండు మొక్కలు

మధుమేహానికి ఆకులతో వైద్యం ఉన్నదా అని అనేకులు అడుగుతుంటారు. ఉన్నది, ఆ ప్రశ్న అడిగేవారిలో చాలామంది ప్రతిదినం మింగే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం ఒక మొక్కే. అయితే ఆ ఆకు మాత్రగా మారడానికి పట్టిన కాలాన్నీ, మధ్యలో ఎదురైన ప్రమాదాలనూ తెలుసుకున్నవారు మూలికలను గుడ్డిగా నమ్మరు, గుడ్డిగా కొట్టిపారవేయరు.

ఈ వ్యాధి మన పూర్వులకు కొత్తది కాదు. మూత్రంలో తీపి ఉంటుందనీ, దానికి చీమలు పడతాయనీ ప్రాచీన ఆయుర్వేద వైద్యులు గుర్తించారు. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యం వలన కలిగేది అని రెండుగా విభజించింది. మొదటి రకం రోగి కృశించి ఉంటాడనీ, రెండవ రకం రోగి స్థూలకాయుడనీ చెప్పింది. నేటి టైప్ 1, టైప్ 2 విభజనకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. ఉసిరి, పసుపు ప్రమేహానికి శాస్త్రోక్తమైన ఔషధాలు. నేరేడు గింజలు, కాకర, మెంతులు ఇంటింటి వైద్యంలో స్థిరపడ్డాయి.

వీటన్నిటిలో విశిష్టమైనది మన అడవులలో పెరిగే తీగ, పొడపత్రి. దీనికే మధునాశిని అని సంస్కృతంలో పేరు. ఈ ఆకును నమిలి పంచదార నోట వేసుకుంటే ఇసుక నమిలినట్లుంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకపై తీపిని గ్రహించే స్థానాలను కొంతసేపు కప్పివేయడమే ఇందుకు కారణం. 1880ల దశకంలో ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ ఈ పదార్థాన్ని వేరుచేశాడు. నాలుకపై తీపిని చంపే ఆకు రక్తంలోని చక్కెరను కూడా చంపుతుందని జనం భావించడం సహజమే. కాని ఆ రెండూ వేర్వేరు విషయాలు. 1990లో మద్రాసు పరిశోధకులు టైప్ 2 రోగులు 22 మందికి, వారు వాడుతున్న మందులతో పాటు, పొడపత్రి సారాన్ని ఇచ్చి చక్కెర తగ్గినట్లు ప్రకటించారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే అంత చిన్న అధ్యయనం ఒక ఔషధాన్ని నిర్ధారించడానికి చాలదు.

ఇక రెండవ మొక్క ఐరోపాది. కంది, ఉలవల కుటుంబానికి చెందిన గాలెగా అఫిసినాలిస్‌ను అక్కడి జానపద వైద్యులు పలు రోగాలకు వాడేవారు. అధికంగా మేసిన గొర్రెలు మాత్రం చనిపోయేవి. అంటే అందులో శక్తీ ఉన్నది, విషమూ ఉన్నది. దానిలో గ్వానిడిన్ జాతికి చెందిన గాలెజిన్ అనే పదార్థం ఉన్నట్లు తేలింది. గ్వానిడిన్ జంతువులలో రక్తపు చక్కెరను తగ్గిస్తుందని 1918లో వెల్లడైంది. అయితే అది వాడదగనంత విషపూరితం. దాని బంధువైన సింథలిన్‌ను 1920లలో రోగులకు ఇచ్చి చూశారు. కాలేయానికి హాని చేయడంతో విడిచిపెట్టారు.

1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే శాస్త్రవేత్తలు మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు. అదే ఏడాది జనవరిలో టొరాంటోలో 14 ఏళ్ల బాలునికి తొలి ఇన్సులిన్ అందింది. ఆ వెలుగులో మెట్‌ఫార్మిన్ మరుగున పడింది. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహులపై పరీక్షించిన ఫలితాలను ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని ప్రాణాంతకంగా పెంచుతుందని తేలి, 1970లలో అనేక దేశాలలో నిషిద్ధమైంది. మెట్‌ఫార్మిన్ ఆ పరీక్షలకు నిలిచింది. అమెరికాలో అనుమతి లభించినది 1994 చివరిలో మాత్రమే.

ఈ రెండు కథల భేదం స్వదేశీ, విదేశీ భేదం కాదు. కొలత ఉండటం, లేకపోవడం. గాలెగా ఆకును అలాగే నమిలించి ఉంటే గొర్రెలకు పట్టిన గతే మనుషులకూ పట్టేది. విషాన్ని విడదీసి, మోతాదు నిర్ణయించి, వేలమందిపై ఏళ్ల తరబడి పరిశీలించినందుననే అది ఔషధమైంది. పొడపత్రికీ అటువంటి పరీక్ష జరగాలని కోరుకుందాం.

అంతవరకు మూడు మాటలు గుర్తుంచుకోండి. టైప్ 1 మధుమేహమున్న పిల్లలకు ఇన్సులిన్‌కు బదులు ఏ ఆకూ లేదు. కొద్దిరోజులు మానినా ప్రాణం పోతుంది. మాత్రలు లేదా ఇన్సులిన్ వాడుతూ మూలికలు కూడా తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును, కనుక మీ వైద్యునికి దాచకుండా చెప్పండి. పేరూ ఊరూ లేని చూర్ణాలను కొనవద్దు. అటువంటి కొన్నింటిలో అల్లోపతి మందులను రహస్యంగా కలిపినట్లు పలు దేశాలలో బయటపడింది.

కాకర కూర తినండి, మెంతులు వాడుకోండి. అవి మంచి ఆహారమే. కాని వాటిని నమ్మి మాత్ర మానవద్దు. ఆ మాత్ర కూడా ఒకనాటి ఆకే.