నాలుగింటి గంట కొట్టాక: మన పిల్లల సాయంత్రం చదువుకి ఒక చరిత్ర ఉంది



మనలో డిగ్రీ చదివేవాళ్లు, బీఈడీ అయినవాళ్లు చాలామంది సెలవులకి ఊరెళ్తే సాయంత్రంపూట అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నారు. లెక్కలు చెప్తారు, కథ చదివిస్తారు, ఆటాడిస్తారు. దీన్ని మనం ఖాళీ టైంలో చేసే సాయం అనుకుంటాం. ఊళ్లో పెద్దలు కూడా "పాపం, ఏదో చెప్తున్నాడు" అంటారు. కానీ ఇదొక పని. మన గోదావరి కొండల్లో ఈ పనికి చరిత్ర ఉంది. అది తెలుసుకోకపోతే ప్రతి తరమూ మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ముందు కిందకి, డెల్టాకి పోదాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మరుసటేడు, 1853లో, రాజమండ్రిలో మొదలైన సర్కారు బడే తర్వాత ఆర్ట్స్ కాలేజీ అయ్యింది. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1894లో రాజమండ్రిలో టీచర్లని తయారుచేసే ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. నీళ్లొచ్చాయి, వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది, దాంతో చదువూ పెరిగింది. బడితో పాటు అక్కడ ఇంకోటి కూడా పెరిగింది. దాని పేరు "ప్రైవేటు". "మావాడు ప్రైవేటుకెళ్లాడండి" అనే మాట గోదావరి జిల్లాల్లో వినని వాళ్లుండరు. పొద్దున బడిలో అర్థం కానిది సాయంత్రం మాస్టారింట్లో చెప్పించుకోవడం అన్నమాట. అంటే మైదానం పిల్లాడికి రెండు బడులు. కొండ మీద పిల్లాడికి ఒకటే, అదీ టీచర్ వచ్చిన రోజునే.

అదే కాలంలో మన దగ్గర ఏం జరిగింది? 1879లో రంప పితూరీ. 1882లో మద్రాసు అటవీ చట్టం. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజుతో మనోళ్లు చేసిన పోరాటం. ఆనకట్ట వల్ల డెల్టాకి కాలవ వచ్చింది, చట్టం వల్ల కొండకి ఫారెస్టు గార్డు వచ్చాడు. పోడు కొట్టుకుంటే కేసు, కల్లు గీసుకుంటే పన్ను. ట్రైనింగ్ కాలేజీ ఉన్న రాజమండ్రి నుంచి రంపచోడవరం బస్సులో రెండు గంటల దారి. చదువుకి మాత్రం ఆ దారి దాటడానికి తరాలు పట్టింది.

కోయ పల్లెల వైపు మొదట వచ్చినవాళ్లలో దుమ్ముగూడెం మిషన్ వాళ్లున్నారు. 1860 ప్రాంతంలో ఎగువ గోదావరిలో పడవలు నడిపించే పనుల కోసం వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో ఆ మిషన్ మొదలైంది. తర్వాత అక్కడ చాలా ఏళ్లున్న జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్యాసాలు రాశారు. వాళ్లు వచ్చింది మత ప్రచారానికి, అందులో దాపరికం లేదు. కానీ ఒక సంగతి మాత్రం వాళ్లకి తొందరగా అర్థమైంది. కోయ రాకుండా కోయ పిల్లలతో మాట్లాడలేం.

ఇది చిన్న విషయం కాదు. ఒక్క మాట తీసుకోండి. తెలుగులో "ఏరు" అంటే వాగు. కోయలో ఏరు అంటే నీళ్లు. ఒకటో తరగతి వాచకంలో "ఏరు" అనే మాట వస్తే కోయ పిల్లకి గుర్తొచ్చేది కుండలో నీళ్లు. మాస్టారు బోర్డు మీద వంకర గీత గీసి చూపిస్తారు. పిల్ల నోరు మెదపదు. "ఈ పిల్లలకి బుర్ర లేదు" అని రిపోర్టులో రాసుకుంటారు. కొండరెడ్డి పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా ఆ యాస వినగానే క్లాసులో నవ్వుతారు. అలా నవ్వడమూ పిల్లల నోరు మూయించేదే.

మైదానంలో ఈ ఖాళీని పూడ్చడానికి రాత్రి బడులు పుట్టాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య మన తూర్పు గోదావరి మనిషే, కొంకుదురులో పుట్టారు. గ్రంథాలయ ఉద్యమం ఉన్నచోట లాంతరు పెట్టుకుని రాత్రి బడులు నడిపారు. పగలు పొలంలో ఉండేవాళ్లకి చదువు రాత్రే కుదురుతుందని వాళ్లు గుర్తించారు. కొండ మీదా అదే లెక్క. చింతపండు కాలంలో, జీడిమామిడి కాలంలో మన పిల్లలు అమ్మానాన్నలతో అడవిలోనే ఉంటారు.

అయితే చెప్పేది ఎవరు అన్న ప్రశ్నకి గట్టి జవాబు మన గోదావరికి ఉత్తరాన, ఆదిలాబాద్ కొండల్లో దొరికింది. హైమండార్ఫ్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. పాపికొండల చుట్టుపక్కల కొండరెడ్ల మధ్య తిరిగి, వాళ్ల మీద 1945లో పుస్తకం అచ్చువేసిన మానవశాస్త్రవేత్త. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకి శిక్షణ మొదలుపెట్టించారు. బయట నుంచి మాస్టార్లని తేకుండా గోండుల్లోంచే మాస్టార్లని తయారుచేశారు. గోండిలో వాచకాలు రాయించారు. చదువు చెప్పేవాడు ఊరివాడై, ఊరి భాషలో చెప్తే పిల్లలు నిలబడతారని ఎనభై ఏళ్ల కిందటే తేలిపోయిన సంగతి.

తేలినా మళ్లీ మళ్లీ మర్చిపోయారు. 1970ల మధ్యలో గిరిజన ఉప ప్రణాళిక, ఐటీడీఏలు వచ్చాయి. రంపచోడవరం, కోట రామచంద్రపురం ఆఫీసులు మనకి తెలిసినవే. 1986లో జీవో 275, 2000 జనవరిలో జీవో 3 వచ్చాయి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని జీవో 3 చెప్పింది. ఒకే టీచరుండే గిరిజన విద్యా వికాస కేంద్రాలు, ఊరివాళ్లే మనిషిని ఎంచుకునే "మాబడి", విద్యా వాలంటీర్లు, 2004లో కోయ, కొండ, కువి, సవర లాంటి 8 భాషల్లో మాతృభాషా వాచకాలు, ఇలా ఎన్నో పథకాలు నడిచాయి. వీటన్నిటినీ నిలబెట్టింది మన యువతే. కానీ వాలంటీరుకి ఇచ్చింది జీతం కాదు, గౌరవ వేతనం. చాలామందికి అదీ నెలనెలా చేతికి రాలేదు. చివరికి 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని జీవో 3ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని షరతులతో కాపాడింది. తర్వాత రావాల్సిన వాళ్లకి తలుపు ఇరుకైంది.

ఆ తీర్పు వచ్చిన నెలల్లోనే కరోనాకి బడులు మూతపడ్డాయి, హాస్టళ్ల నుంచి పిల్లల్ని ఇళ్లకి పంపేశారు. ఫోన్ పాఠాలు సిగ్నల్ లేని ఊళ్లకి ఎక్కలేదు. అప్పుడు పిల్లల చేత పలక పట్టించింది ఎవరు? ఇంటికి తిరిగొచ్చిన ఇంటర్, డిగ్రీ పిల్లలే. ఆ పనికి ఏ జీవో లేదు, ఏ రికార్డూ లేదు.

ఈ పని నిజంగా ఫలితమిస్తుందా అని అడిగేవాళ్లకి ఒక లెక్క చెప్పాలి. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లా పల్లెల్లో 2005-06లో ప్రథమ్ సంస్థ ఊరి యువతకి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, బడి వేళ అయ్యాక చదివే శిబిరాలు పెట్టించింది. అక్షరం రాని పిల్లలు కూడా శిబిరానికి వచ్చాక అక్షరాలు గుర్తుపట్టగలిగారు. అయితే ఊళ్లో పిల్లల్లో శిబిరానికి వచ్చింది వందకి ఎనిమిది మందే. అంటే చెప్పడం కన్నా పిల్లల్ని రప్పించడమే కష్టం. పక్కనున్న తమిళనాడు 2021లో "ఇల్లం తేడి కల్వి" మొదలుపెట్టి, సాయంత్రంపూట వాడలోనే పాఠం చెప్పే వాలంటీరుకి నెలకి వెయ్యి రూపాయలిచ్చింది. వెయ్యి ఏం సరిపోతుంది అనొచ్చు, నిజమే. కానీ సాయంత్రం చదువు సర్కారు బాధ్యత అని ఒక రాష్ట్రం ఒప్పుకుంది. మనం పట్టుకోవాల్సింది ఆ ఒప్పుకోలుని.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకి ఊరెళ్తే ఆ పని తప్పకుండా చేయండి. చేసేటప్పుడు బడి పాఠాన్నే రెండోసారి వల్లె వేయించొద్దు. పొద్దంతా బడిలో నోరు మూసుకున్న పిల్లలు మాట్లాడేది ఆ రెండు గంటలే. మొదట మన భాషలో మాట్లాడించండి, తర్వాత తెలుగు అక్షరం మీదకి తీసుకురండి. ఊరి ముసలమ్మని పిలిచి కథ చెప్పించండి, అదే కథని మర్నాడు పిల్లలతో రాయించండి. రాని పిల్లల ఇంటికి మీరే వెళ్లండి.

ఇంకో మాట. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఎంతమంది వచ్చారు, ఎవరికి అక్షరం వచ్చింది, ఎవరికి కూడిక వచ్చింది రాసి పెట్టండి. పంచాయతీలో, ఐటీడీఏలో, రేపు కోర్టులో "ఏజెన్సీ పిల్లలకి స్థానికులే ఎందుకు చెప్పాలి" అని మళ్లీ అడుగుతారు. ఆరోజు మన చేతిలో నినాదం ఒక్కటే ఉంటే చాలదు, ఆ నోటుబుక్కు కూడా ఉండాలి.

జై ఆదివాసీ.