చట్టసభలో రైతు పక్షం: ఆచార్య రంగా ప్రసంగాల ఆరు దశాబ్దాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం నుంచి ఢిల్లీ చట్టసభలకు వెళ్లినవారు చాలామందే ఉన్నారు. 1952లో తెనాలి నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైన కొత్త రఘురామయ్య తర్వాతి కాలంలో కేంద్రంలో పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిగా పనిచేశారు. 1991లో తెనాలి సభ్యుడైన ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు కూడా కేంద్ర మంత్రి అయ్యారు. అయితే ఒకే ప్రశ్నను పట్టుకుని అరవయ్యేళ్లు సభలో నిలబడిన వ్యక్తి ఒక్కరే. ఆయన 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లిన ఆచార్య ఎన్.జి. రంగా. సేద్యం చేసేవాడికి భూమి మీద, ఊరి మీద ఉండవలసిన అధికారం ఎంత అన్నదే ఆ ప్రశ్న.

గోగినేని రంగనాయకులు 1900 నవంబర్ 7న నిడుబ్రోలులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. సభలో మాట్లాడటంతో సరిపెట్టుకోలేదు. రైతు కార్యకర్తలకు ఆర్థిక, రాజకీయ శిక్షణ ఇవ్వడానికి 1934లో నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులైతే, రంగా ప్రధాన కార్యదర్శి.

ఆయన ప్రసంగాల్లో ముందుగా చదవవలసింది 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో చేసినది. నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంపై చర్చ నడుస్తోంది. మైనారిటీల రక్షణ గురించి సభ్యులు మాట్లాడుతుంటే, ఈ దేశంలో అసలైన మైనారిటీలు సామాన్య ప్రజలేనని రంగా వాదించారు. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకూడదని చట్టం ఉన్నా వ్యాపారి దాన్ని ఎలా కాజేస్తున్నాడో, వడ్డీ వ్యాపారి పల్లె జనాన్ని ఎలా గుప్పిట్లో పెట్టుకుంటున్నాడో, పల్లెల్లో కనీస చదువు కూడా ఎలా అందడం లేదో సభ ముందు పెట్టారు. కాగితం మీద హక్కులు రాస్తే చాలదని, వాటిని అందుకోవడానికి ఈ జనానికి ఊతం కావాలని, నిచ్చెన కావాలని అడిగారు.

1948 నవంబర్‌లో ముసాయిదా రాజ్యాంగంపై మాట్లాడినప్పుడు అదే ఆలోచన గ్రామ పంచాయతీల వైపు మళ్లింది. పంచాయతీల పునాది లేకుండా సామాన్యులు ప్రజాస్వామ్యంలో తమ పాత్ర ఎలా నిర్వహిస్తారన్నది ఆయన ప్రశ్న. అధికారాన్ని కేంద్రం దగ్గర పోగేస్తే అది నిరంకుశత్వానికే దారితీస్తుందని హెచ్చరించారు. చివరికి పంచాయతీలు 40వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మాత్రమే చోటు దక్కించుకున్నాయి. వాటికి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. అప్పటికి రంగా పార్లమెంటు వదిలి రెండేళ్లయింది.

తెనాలి సభ్యుడిగా ఉన్న కాలంలోనే ఆయన రాజకీయ జీవితం పెద్ద మలుపు తిరిగింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించింది. రైతు పొలం రైతు చేతిలోనే ఉండాలని నమ్మిన రంగా కాంగ్రెస్‌ను వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దాని అధ్యక్షులయ్యారు. 1962 ఎన్నికల్లో తెనాలి స్థానం సి.పి.ఐ. అభ్యర్థి కొల్లా వెంకయ్యకు దక్కింది. రంగా చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ లోక్‌సభకు చేరారు.

1964 నాటి 17వ రాజ్యాంగ సవరణ చర్చ డెల్టా రైతుకు నేరుగా తగిలింది. భూసంస్కరణ చట్టాలకు రక్షణ ఇచ్చే 31ఎ అధికరణంలో 'ఎస్టేటు' అనే మాట ఉంది. రైత్వారీ భూమి దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 1961లో కేరళ కేసులో చెప్పింది. సవరణతో రైత్వారీ భూమి కూడా ఎస్టేటు అయింది, 44 చట్టాలు తొమ్మిదో షెడ్యూలులో చేరాయి. ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే పట్టాదారును జమీందారుతో ఒకే గాటన కట్టడాన్ని రంగా, ఆయన పార్టీ తీవ్రంగా వ్యతిరేకించారు. బిల్లు నెగ్గింది. అయితే భూపరిమితికి లోబడి సొంతంగా సేద్యం చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న రక్షణ కూడా అదే సవరణలో ఉంది.

తర్వాత రంగా మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచి, 1991 దాకా సభలో ఉన్నారు. పార్టీలు మారినా ఆయన పట్టుకున్న ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబులో మాత్రం ఒక లోటు ఉంది. 1946లో పట్టా లేని పేదవాడి కోసం గొంతెత్తిన మనిషి, 1964 నాటికి ముఖ్యంగా పట్టాదారు కోసమే వాదించారు. ఆ వాదనలో నిజం ఉంది. కానీ కూలీకి, కౌలుదారుకు అందులో దొరికిన చోటు తక్కువ.

ఆ లోటు నేటికీ తీరలేదు. డెల్టాలో నాగలి పట్టేవారిలో కౌలు రైతులు ఎందరో. వారికి గుర్తింపు కోసం రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. 2019 చట్టంలో సాగు హక్కు పత్రానికి భూ యజమాని ఒప్పుదల తప్పనిసరి. చాలామంది కౌలుదారులు ఆగిపోయింది అక్కడే.

నియోజకవర్గాల పునర్విభజనతో తెనాలి లోక్‌సభ స్థానం రద్దయింది. 2009 నుంచి తెనాలి ఓటర్లు గుంటూరు సభ్యుణ్ణి, బాపట్ల, రేపల్లె ఓటర్లు బాపట్ల సభ్యుణ్ణి ఎన్నుకుంటున్నారు. బాపట్ల వ్యవసాయ కళాశాల ఉన్న విశ్వవిద్యాలయం రంగా పేరుతోనే నడుస్తోంది. పేరు పెట్టుకోవడంతో మన బాధ్యత తీరిపోదు. రాజ్యాంగ సభ, పార్లమెంటు చర్చల ప్రతులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 1946 ప్రసంగాన్నీ 1964 వాదననూ పక్కపక్కన పెట్టి మన కళాశాలల్లో చదివించాలి. ఓటు అడగవచ్చే ప్రతి అభ్యర్థినీ కౌలు రైతు గురించి సభలో ఏం మాట్లాడతారో మనం ముందే అడగాలి.