రేడియో నుండి బ్లూటూత్ దాకా: ఒక పాటల పెట్టె చరిత్ర

1948 సెప్టెంబరు 17వ తేదీ సాయంత్రం ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాదు రేడియో కేంద్రానికి వెళ్ళారు. ఆ కేంద్రం తన ప్రభుత్వానిదే అయినప్పటికీ, ఆయన అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. భారత ప్రభుత్వపు ఏజెంటు జనరల్ కె.ఎం. మున్షీ ఆ సంవత్సరం ఆరంభంలో వచ్చి బొల్లారంలో, సైన్యానికి చెందిన భవనంలో మకాం పెట్టారు. ఆనాటి మధ్యాహ్నం నిజాము ఆయనను పిలిపించి సంప్రదించారు. పోరాటం ఆపివేసిన సంగతి రేడియో ద్వారా ప్రజలకు తెలిసింది. మరునాడు నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయారు.

గుర్రపు రౌతు చేతికి ఉత్తరమిచ్చి పంపిన కాలంలోనైతే ఆ కబురు ఆదిలాబాదు చేరడానికి ఎన్ని రోజులు పట్టేదో ఊహించుకోవచ్చు. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదిలాబాదు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అనగా సెకనులో వెయ్యో వంతు చాలు.

ఆ కబురును అందుకొన్న బరువైన బల్లమీది రేడియోకూ, నేడు బొల్లారంలో ఒక విద్యార్థి చేత పట్టుకొని తిరిగే పాటల పెట్టెకూ దగ్గరి చుట్టరికమే ఉన్నది. బూంబాక్సు అని పిలిచే ఈ పెట్టె ఒక మీట నొక్కితే రేడియో పలుకుతుంది. మరొకటి నొక్కితే సీడీ తిరుగుతుంది. మూడవది నొక్కితే పక్కగదిలోని సెల్‌ఫోనులో ఉన్న పాటను తీగ లేకుండానే వినిపిస్తుంది. మూడు మీటలు, మూడు యుగాలు.

మొదటి యుగం హైదరాబాదులో ఒక ఇంటిలోనే మొదలయింది. తపాలా తంతి శాఖలో ఉద్యోగి అయిన మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ గల్లీలోని తన ఇంటినుండి చిన్న ప్రసారిణితో కార్యక్రమాలు వినిపించాడు. తరువాత దానిని నిజాము ప్రభుత్వం తీసుకొన్నది. 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో 200 వాట్ల శక్తితో పలికింది. 200 వాట్లంటే రెండు పాతకాలపు పెద్ద బల్బుల శక్తి. నేటి దృష్టికి అది నవ్వు పుట్టించవచ్చుగాని, గాలిలో ఇతర కేంద్రాల రొద లేని ఆ రోజులలో అది నగరానికి చాలింది. 1950 ఏప్రిల్ 1న ఈ కేంద్రం భారత ప్రభుత్వం వశమైనది.

ప్రసారిణి ప్రభుత్వానిదైనా, వినేవాని చెవి మాత్రం ప్రభుత్వానిది కాలేదు. గ్రాహకయంత్రం ఏ తరంగాన్ని పట్టుకొంటున్నదో బయటివారికి తెలియదు గదా! రజాకార్ల కాలంలో కర్నూలు నుండి ‘వాణి’ అనే రహస్య రేడియో నడవగలిగిందంటే కారణం ఇదే. ఐతే ఇంటిలో రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వానికి లైసెన్సు రుసుము కట్టవలసిన పద్ధతి మనదేశంలో చాలాకాలం సాగింది. అది పూర్తిగా తొలగినది 1985లో.

ఆనాటి రేడియోలో గాజు వాల్వులు ఉండేవి. అవి వేడెక్కితేగాని పలకవు. విద్యుత్తును తెగ తాగుతాయి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టడంతో వాల్వుకు కాలం చెల్లింది. చిన్న బ్యాటరీలతో రేడియో పొలం గట్టుకూ, మంగలి దుకాణానికీ వెళ్ళింది. మనవారు ఆ రేడియోనే ‘ట్రాన్సిస్టరు’ అన్నారు. లోపలి భాగం పేరు మొత్తం యంత్రానికి రావడం తమాషాయే. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును తెచ్చింది. కొద్ది ఏళ్ళలోనే రేడియో, క్యాసెట్టు ఒకే పెట్టెలో కాపురం పెట్టాయి. గల్ఫుకు వెళ్ళినవారు తిరిగివస్తూ తెచ్చిన ‘టూ ఇన్ వన్’ తెలంగాణ పల్లెలలో ఎంత గౌరవం పొందిందో పెద్దలను అడిగితే చెబుతారు. బూంబాక్సుకు తాత అదే.

1982లో జపానులో సీడీ అమ్మకానికి వచ్చింది. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన ఈ 12 సెంటీమీటర్ల బిళ్ళలో ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను సూక్ష్మమైన గుంటలుగా అచ్చువేస్తారు. వాటిని లేజరు కాంతి చదువుతుంది. గ్రామఫోను ముల్లు బయటి అంచునుండి లోపలికి నడిస్తే, సీడీలో లేజరు లోపలినుండి బయటికి నడుస్తుంది. అందుకే బిళ్ళ మొదట నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగి, చివరకు 200 చుట్లకు తగ్గుతుంది. చిన్న గీత పడినా పాట ఆగదు. పోయిన అంకెలను మిగిలినవాటినుండి లెక్కగట్టి పూరించే గణితం అందులో ఉన్నది.

మూడవ మీట బ్లూటూత్. స్వీడనులోని ఎరిక్సన్ సంస్థ 1994లో ఈ పని ప్రారంభించింది. పేరు పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డుది. ఇందులో ఫోనే ఒక బుల్లి ప్రసారకేంద్రం. దాని శక్తి వాటులో చిన్న భిన్నం. పది మీటర్లు దాటితే సాధారణంగా అందదు. ఇతర యంత్రాల రొదను తప్పించుకోవడానికి అది 79 మార్గాల మధ్య సెకనుకు 1,600 సార్లు దూకుతుంది. ఏ వరుసలో దూకాలో ఫోను, పెట్టె ముందుగానే ఒప్పందం చేసుకొంటాయి.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క ఒకటి ఇక్కడ ఉన్నది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది. హైదరాబాదు ఆకాశవాణి మీడియం వేవు కేంద్రపు 738 కిలోహెర్ట్జ్‌కు అది సుమారు 406 మీటర్లు, 101.9 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం.కు దాదాపు 3 మీటర్లు. బ్లూటూత్‌కు 12 సెంటీమీటర్లు. సీడీ చదివే లేజరు తరంగమైతే మిల్లీమీటరులో వెయ్యో వంతుకంటె తక్కువ. అన్నీ ఒకే జాతి తరంగాలు. ఎఫ్.ఎం.కు పైకి లాగే కడ్డీ పనికివస్తుంది. మీడియం వేవుకు ఆ కడ్డీతో పనిలేదు. పెట్టె లోపలి ఫెర్రైటు ముక్కకు చుట్టిన తీగ చాలు. మీడియం వేవు పెట్టుకొని పెట్టెను నెమ్మదిగా చుట్టూ తిప్పితే ఒక దిక్కున ధ్వని సన్నగిల్లుతుంది. ఆ ఫెర్రైటు కొన కేంద్రంవైపు చూస్తున్నదన్న మాట. కడ్డీ ఎంత లాగినా ఫలితం మారదు.

సౌకర్యంలో బ్లూటూత్‌దే పైచేయి. కాని అది పలకాలంటే పక్కన ఫోను ఉండాలి. ఫోనులోకి పాట రావాలంటే చాలాసార్లు టవరూ, దాని వెనుక ఎక్కడో ఒక సంస్థ గణనయంత్రమూ ఉండాలి. ఏ పాట ఎవరు ఎన్నిసార్లు విన్నారో ఆ సంస్థకు తెలుస్తుంది. రేడియో మీటకు ఈ బాధ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తుతోపాటు ఫోన్లూ మూగపోయాయి. అటువంటప్పుడు దూరపు కేంద్రం మాటను వినడానికి నాలుగు బ్యాటరీల రేడియో చాలు. మీడియం వేవు తరంగాలు నేల వెంబడి వందల కిలోమీటర్లు పోగలవు. రాత్రివేళ పై వాతావరణపు పొరల నుండి వెనుకకు మళ్ళి ఇంకా దూరం వెళతాయి.

చిక్కు ఎక్కడంటే, ఇటీవల వచ్చే పెట్టెలలో చాలావాటికి ఎఫ్.ఎం. మాత్రమే ఉంటున్నది. ఎఫ్.ఎం. ధ్వని శుభ్రంగా ఉంటుంది గాని, కొండ అడ్డం వచ్చినా, దూరం పెరిగినా తప్పిపోతుంది. ఖర్చు కొద్దిగా తగ్గుతుందని తయారీదారులు ఆ ఫెర్రైటు ముక్కనూ, దాని తీగచుట్టనూ వదిలివేస్తున్నారు. దుకాణంలో పెట్టె వెనుక ‘ఏ.ఎం.’ అనే రెండక్షరాలు ఉన్నవో లేవో చూస్తే ఈ సంగతి అక్కడే తేలిపోతుంది.