పాలమూరు బలం

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తాలింఖానాలు (కసరత్తు శాలలు) నడిచిన రోజుల్లో బరువుకు తూకం లేదు. దండీలు, బస్కీలు తీయాలి, గుండు భుజం మీదికి లేపాలి. లేపినోడే పైల్వాన్.

ఈ నేల అసలు బలం మాత్రం వలసపోయింది. ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ ఉండాల్సిందే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతికట్టడం. వేలమంది కూలీలు మోసిన రాయి అది. మా తాత వాళ్లలో ఒకడు. ‘‘నడుముతో లేపకు బిడ్డా, కాళ్లతో లేపు’’ అనేటోడు.

నేను జాతీయ పవర్‌లిఫ్టింగ్ పోటీకి పోయినప్పుడు ఆ మాట విలువ తెలిసింది. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్, ఒక్కోదానికి మూడే అవకాశాలు. ఎత్తు చెల్లాలంటే ముగ్గురు రెఫరీల్లో ఇద్దరైనా తెల్లలైటు వేయాలి. బెంచ్ మీద బార్ ఛాతీకి ఆనాక ‘ప్రెస్’ అని వినపడేదాకా కదలొద్దు. ఎత్తగలిగిన బలానికన్నా ఆగగలిగిన ఓపిక పెద్దదని అక్కడే నేర్చుకున్నా. మొదటి ఎత్తు తేలికది పెట్టుకోవాలనీ, పక్కనోడి బరువు చూసి మన లెక్క మార్చొద్దనీ కూడా.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అది వెయిట్‌లిఫ్టింగ్. పవర్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు లేదు, అందుకే మా ఆటను పట్టించుకునేవాళ్లు తక్కువ. అయినా మా పిల్లలకు ఒళ్లొంచే అలవాటు పుట్టుకతోనే ఉంది. మండలానికో బార్, ప్లేట్లు, నేర్పే మనిషిని ఇవ్వండి.