దంత పునరుత్పత్తి పొరలపై బ్యాక్టీరియా: ప్రయోగశాల లెక్కలో చిక్కనివి

చిగుళ్ల వ్యాధి ముదిరి కరిగిపోయిన ఎముకనూ, పంటి వేరును ఎముకతో కలిపి ఉంచే స్నాయుబంధాన్నీ తిరిగి పెంచేందుకు చేసే శస్త్రచికిత్సలో, చిగురుకూ వేరుకూ నడుమ ఒక పలుచని పొరను అమరుస్తారు. వేరు ఉపరితలాన్ని ముందుగా ఏ కణాలు ఆక్రమిస్తే గాయం మానే తీరు వాటిని బట్టే ఉంటుందని 1976లో పరిశోధకుడు మెల్చర్ ప్రతిపాదించగా, వేగంగా పాకే చిగురు కణాలను అడ్డుకుంటే స్నాయుబంధ కణాలు వేరును చేరి కొత్త బంధాన్ని ఏర్పరచగలవని 1982లో నైమన్ బృందం మనిషి పంటిపైనే చూపింది. ఆ బృందం అడ్డుగా వాడినది మిల్లీపోర్ ఫిల్టర్, అంటే ద్రవాల నుంచి బ్యాక్టీరియాను వడకట్టేందుకు ప్రయోగశాలలు వాడే వస్తువే కావడం విశేషం.

తర్వాత వాడుకలోకి వచ్చిన పొరల్లో కొన్నింటి రంధ్రాలు అంత సన్ననివి కావు. కణజాలం అల్లుకుని పొర కదలకుండా నిలవాలన్న ఉద్దేశంతో, సాగదీసి తయారుచేసే పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పొరలో అనేక మైక్రాన్ల వెడల్పున ఖాళీలు ఉంచారు. బ్యాక్టీరియా పరిమాణం సాధారణంగా ఒక మైక్రాన్ అటూఇటూ కనుక, చిగురు వెనక్కి జారి పొర నోట్లోకి బయటపడితే అవి లోపలికి చేరడానికి అడ్డేమీ ఉండదు.

ఈ కాలుష్యాన్ని కొలిచే పరీక్ష పైకి సులభంగానే కనిపిస్తుంది. పొరను చిన్న ముక్కలుగా కోసి, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి అవాయు బ్యాక్టీరియా, అంటే ఆక్సిజన్ ఉన్నచోట పెరగలేనివి, కలిపిన ద్రవంలో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, అంటుకోని వాటిని కడిగేసి, అంటుకున్న వాటిని కుదిపి గానీ అతిధ్వని తరంగాలతో గానీ విడదీసి, పదింతల చొప్పున పలుచన చేస్తూ హీమిన్, విటమిన్ కె కలిపిన రక్తపు అగర్ అనే పోషక మాధ్యమంపై పరుస్తారు. కొన్ని రోజులకు నల్లగా తేలే కాలనీలను లెక్కిస్తారు.

అయితే లెక్క తప్పే చోటు ఆ విడదీసే దశే. కుదుపు చాలకపోతే రంధ్రాల లోతున ఇరుక్కున్నవి బయటికి రావు, మితిమీరితే విడివడినవీ చస్తాయి. పైగా గుంపుగా వచ్చినవి ఎన్ని ఉన్నా ఒకే కాలనీగా పెరుగుతాయి. అందువల్ల ఎక్కువ లోతు రంధ్రాలున్న పొర తక్కువ కలుషితమైనట్టు కనిపించే ప్రమాదం ఉంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అంటుకున్న తీరును చక్కగా చూపినా, చచ్చినవేవో బతికినవేవో చెప్పదు. అసలు తేలవలసిన సంగతి మరొకటి: చిగురు వైపు ఎన్ని చేరాయన్నదాని కన్నా, వేరు వైపుకు ఎన్ని దాటాయి, ఎంత కాలంలో దాటాయి అన్నదే పునరుత్పత్తికి కీలకం కాబట్టి, పొరను రెండు గదుల మధ్య తెరగా బిగించి అవతలి గదిలోని ద్రవాన్ని వేర్వేరు వేళల్లో పరీక్షించని అధ్యయనం సగమే చెప్పినట్టు భావించాలి.

కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన పొరల విషయంలో ఈ దాటే వేళ స్థిరంగా కూడా ఉండదు, ఎందుకంటే జింజివాలిస్ విడుదల చేసే ఎంజైములు కొల్లాజెన్‌నే ముక్కలు చేసి దారి తెరుస్తాయి. టెట్రాసైక్లిన్ వంటి మందు పట్టించిన పొరలను అగర్‌పై ఉంచినప్పుడు చుట్టూ ఏర్పడే, బ్యాక్టీరియా పెరగని నిరోధ వలయాన్ని కూడా జాగ్రత్తగానే చదవాలి: పళ్లెంలో మందు నిలిచి ఉంటుంది గానీ, చిగురు సందులో ఊరే ద్రవం దాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది.