రక్తములోని చక్కెర: పరీక్షనాళిక నుండి వ్రేలికొన వరకు

1954వ సంవత్సరమున ఢిల్లీ నగరములో కేంద్రప్రభుత్వోద్యోగుల కొరకు చందాతో నడచు ఆరోగ్యసేవా పథకము ప్రారంభమయ్యెను. నేడు దానినే సి.జి.హెచ్.ఎస్. అని పిలుచుచున్నాము. జీతమునుండి స్వల్పమొత్తము మినహాయించుకొని ఉద్యోగికిని, వాని కుటుంబమునకును వైద్యమును మందులను సమకూర్చు ఏర్పాటది. గోదావరి, కృష్ణా తీరములనుండియు, తెలంగాణమునుండియు, రాయలసీమనుండియు వచ్చి సర్కారు క్వార్టర్లలో కాపురము పెట్టిన కుటుంబములకు డిస్పెన్సరీ యనునది పోస్టాఫీసువలె, రేషను దుకాణమువలె నిత్యజీవితములో భాగమయ్యెను. ఆ దినములలో నలుబదియేండ్లు దాటిన గుమాస్తాతో వైద్యుడు “మీకు మధుమేహమున్నది” అని చెప్పినచో, అతడు ఇంటికి తెచ్చుకొనదగిన పరీక్షాసాధనమేమి? ఇంటనే రక్తమును పరీక్షించు సాధనము అప్పటికి లోకమున పుట్టనే లేదు. ఉన్నదెల్ల ఒక గాజు పరీక్షనాళిక, ఒక స్పిరిటు దీపము, నీలిరంగు బెనెడిక్టు ద్రావకము గల సీసా.

స్టాన్లీ బెనెడిక్టు అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున రూపొందించిన ఆ ద్రావకము తుత్తముతో చేయబడునది. ఐదు మిల్లీలీటర్ల ద్రావకములో ఎనిమిది చుక్కల మూత్రము కలిపి మరగింపవలెను. నీలిరంగు నిలిచిన చక్కెర లేదు. ఆకుపచ్చ తిరిగిన కొంచెమున్నది. పసుపు, నారింజ వన్నెలు అంతకంత ఎక్కువకు గుర్తు. ఇటుకరంగు వచ్చెనా, ఇంటిల్లిపాదికి దిగులే. కాఫీకి నీళ్లు కాగుచుండగానే ప్రక్కన ఈ నాళిక కూడ కాగుచుండుట మధుమేహులున్న యిండ్లలో ఏండ్ల తరబడి సాగిన ప్రాతఃకాలవిధి. నాళిక మూతిని మనుష్యులవైపు త్రిప్పరాదని పిల్లలకు గూడ తెలియును; మరగిన ద్రావకము ఒక్కసారిగా ఎగజిమ్ముటయు కలదు.

ఈ పరీక్షలో ఒక పెద్ద లోపముండెను. రక్తములో చక్కెర డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటువరకు మూత్రపిండములు దానిని సాధారణముగా బయటికి వదలవు. వయసు మళ్లినవారిలో ఈ హద్దు మరింత పైకి పోవచ్చును. కావున నాళికలో నీలిరంగు చూచి సంతోషించినవాని రక్తములో 170 ఉండవచ్చును, 60 ఉండవచ్చును; రెండింటికిని రంగొక్కటే. పైగా మూత్రము చెప్పునది గడచిన గంటల సంగతి. రైలు వెడలిపోయిన పిదప ప్లాట్‌ఫారముపై పడియున్న చెత్తను చూచి ప్రయాణికులను లెక్కించుట వంటిది!

మధుమేహము మనకు క్రొత్త వ్యాధి కాదు. రోగి మూత్రమునకు చీమలు చేరునని చరకసంహిత చెప్పినది. సుశ్రుతుడు ప్రమేహమును పుట్టుకతో వచ్చు సహజమనియు, ఆహారవిహార దోషమువలన కలుగు అపథ్యనిమిత్తమనియు రెండుగా విభజించెను. నేడు మొదటి రకము, రెండవ రకము అని చెప్పు విభజనకును దీనికిని గల పోలిక గమనింపదగినది. అయితే రెండును ఒకటే యనుట సాహసము. ఐరోపాలో థామస్ విల్లిస్ 1674లో మూత్రపు తీపిని వర్ణించెను. లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ 1776లో రోగి మూత్రమును ఇగిరించి, మిగిలిన తెల్లని పదార్థము చక్కెరయే యని చూపెను. రోగి రక్తపుద్రవము కూడ తియ్యగా నున్నదని అతడు వ్రాయుట ముఖ్యము: వ్యాధి మూత్రములో లేదు, రక్తములో నున్నది అను ఎరుకకు అది నాంది. ఐనను రక్తమును కొలుచుట వైద్యులకు సులభమగుటకు ఇంచుమించు నూటయేబది యేండ్లు పట్టినది.

ఆ ఘట్టము అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో జరిగినది. అచట జీవరసాయనశాఖకు అధిపతి ఆటో ఫోలిన్. 1919–20 ప్రాంతమున ఆయనయు, చైనా దేశీయుడగు షియన్ వూ అను యువశాస్త్రజ్ఞుడును కలిసి రక్తములోని చక్కెరను రంగుతో కొలుచు పద్ధతిని ఏర్పరచిరి. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేటను రాగి లవణముతో వేడిచేసి, మాలిబ్డినము కలిగిన ఆమ్లమును చేర్చినచో నీలిరంగు పుట్టును. ఆ రంగు గాఢతయే చక్కెర పరిమాణము. ఫోలిన్–వూ పద్ధతి యను పేరుతో ఇది లోకమంతటి ఆస్పత్రులకు దశాబ్దములపాటు దారి చూపెను.

తెలుగువారు ఇచట ఒక్క క్షణము నిలువవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన సాగించినది ఈ ఫోలిన్ శాఖలోనే. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతియు మాలిబ్డినపు నీలిరంగుపైననే ఆధారపడినది. చక్కెర పరీక్షను సుబ్బారావుగారు కనిపెట్టిరని చెప్పుట తప్పు. మన పెద్దలకు లేని ఘనతను అంటగట్టుట వారికి గౌరవము కాదు. కాని, శరీరద్రవములోని సూక్ష్మపదార్థమును రంగుచే తూచు విద్యకు పుట్టినిల్లువంటి ఆ శాఖలో ఒక తెలుగువాని చేయి కూడ ఉన్నదనుట నిజము. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును ఫిస్కేయు ఆయనయు 1929లో ప్రకటించిరి. మనము తిన్న అన్నములోని చక్కెర తుదకు శక్తిగా మారునది ఆ పదార్థము ద్వారముననే.

1922 జనవరిలో టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునకు తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చిరి. దానితో కొలత యొక్క అవసరము హెచ్చినది. మందు ఎక్కువైన చక్కెర పడిపోయి స్పృహ తప్పును. తక్కువైన వ్యాధి పెరుగును. కాని కొలత మాత్రము ఆస్పత్రి గోడలలోనే ఉండిపోయెను. అమెరికాలోని ఎల్‌ఖార్ట్ పట్టణమున ఏమ్స్ కంపెనీ రసాయనశాస్త్రజ్ఞులు 1956లో మూత్రములో ముంచి చూచు పట్టీని తెచ్చిరి. స్పిరిటు దీపముతో పని తప్పినది. 1965లో అదే సంస్థకు చెందిన ఎర్నెస్ట్ ఆడమ్స్ బృందము రక్తపు పట్టీని సిద్ధపరచెను. పట్టీపై ఒక రక్తపుచుక్క వేసి, సరిగా అరువది సెకనులు ఆగి, నీటితో కడిగి, రంగును పటముతో పోల్చవలెను. కంటితో పోల్చుటలో పొరపాట్లు దొరలుచుండుటచే ఆ రంగును చదువు యంత్రమును ఆంటన్ క్లెమెన్స్ నిర్మించెను. అది 1970 ప్రాంతమున విపణికి వచ్చినది. బరువు కిలోకు పైమాట. ధర వందలకొలది డాలర్లు. అమ్మకము వైద్యులకు మాత్రమే.

రిచర్డ్ బెర్న్‌స్టైన్ అను ఇంజనీరు కథ ఇచట వచ్చును. పండ్రెండవ యేటనుండి మధుమేహముతో బాధపడుచున్న ఆయన 1969లో ఒక వ్యాపారపత్రికలో ఈ యంత్రపు ప్రకటనను చూచెను. రాత్రివేళ ప్రయోగశాల మూసియుండగా స్పృహతప్పి వచ్చిన రోగి త్రాగినవాడో మధుమేహియో తేల్చుకొనుటకు ఆస్పత్రుల కొరకు చేసిన యంత్రమది. రోగికి అమ్మమనిరి. భార్య వైద్యురాలగుటచే ఆమె పేర తెప్పించుకొని, దినమునకు పలుమార్లు పరీక్షించుకొనుచు, ఏ తిండికి ఎంత, ఏ మోతాదుకు ఎంత అని ఇంజనీరు పద్ధతిలో లెక్క కట్టెను. ఆరోగ్యము మెరుగుపడెను. తన అనుభవమును వ్రాసి పంపగా వైద్యపత్రికలు త్రిప్పిపంపెను. నలుబదియైదవ యేట ఆయన వైద్యకళాశాలలో విద్యార్థిగా చేరి, 1983లో పట్టా పుచ్చుకొనెను. తన రక్తముపై తానే వ్రాసిన లెక్క చెల్లుటకు డాక్టరు పట్టా కావలసివచ్చెను!

ఇంతలో ఇంగ్లండులో గాలి మారెను. 1978లో లాన్సెట్ వైద్యపత్రికలో లండన్ వైద్యుడు సాంక్సెన్ బృందమును, నాటింగ్‌హామ్ వైద్యుడు ట్యాటర్‌సాల్ బృందమును వేర్వేరుగా వ్యాసములు ప్రకటించి, రోగులు ఇంటివద్ద తమ రక్తమును తామే పరీక్షించుకొనగలరనియు, దానివలన వ్యాధి అదుపు మెరుగగుననియు చూపిరి. 1987లో రంగుకు బదులు విద్యుత్తును కొలుచు కలమంత పరికరము వెలువడెను. నేటి గ్లూకోమీటర్లు చాలవరకు ఆ వంశమువే.

మన దేశమున 1970ల తొలి సంవత్సరములలో భారత వైద్య పరిశోధన మండలి పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్య అహూజా మొదలగువారు జరిపిన సర్వేలో మధుమేహులు పట్టణములలో నూటికి 2.1, గ్రామములలో 1.5 మంది అని తేలెను. అదే మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనము ప్రకారము పెద్దవారిలో నూటికి 11.4 మంది, అనగా పది కోట్లకు పైగా మధుమేహులు. రెండు సర్వేల పద్ధతి ఒక్కటి కాదు గనుక అంకెలను నేరుగా పోల్చుట తగదు. ఐనను వ్యాధి పెరుగుదల కంటికి కనబడుచునే యున్నది.

వీరిలో అత్యధికులది రెండవ రకము. బెర్న్‌స్టైనుది మొదటి రకము. దినదినము ఇన్సులిన్ లేనిదే బ్రతుకు లేదు. గ్లూకోమీటరు చరిత్రయంతయు అట్టివారి కొరకే నడచినది. క్రొత్తగా రెండవ రకము బయటపడి, మాత్రలతో గాని ఆహారనియమముతో గాని ఉన్నవారికి ఈ యంత్రము అదే మేలు చేయునా? 2007లో ఇంగ్లండులోను, 2017లో అమెరికాలోని నార్త్ కెరొలైనాలోను, ఒక్కొక్కచోట సుమారు 450 మందితో జరిగిన పరిశీలనలు ఇన్సులిన్ వాడనివారిలో ఇంటి పరీక్షవలన మూడునెలల సగటును తెలుపు హెచ్.బి.ఏ.1సి. చెప్పుకొనదగినంతగా మారలేదని తేల్చినవి. అట్లని అదుపే అనవసరమనుకొనరాదు. క్రొత్తగా రెండవ రకము కనుగొనబడిన 5,102 మందిని చేర్చుకొని యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఇరువదియేండ్లు సాగి 1998లో ఫలితములు ప్రకటించిన మహాపరిశీలన, చక్కెరను గట్టిగా అదుపులో నుంచినచో కన్ను, మూత్రపిండము మొదలగువాని సూక్ష్మరక్తనాళములకు కలుగు హాని నాలుగవవంతు తగ్గునని చూపెను.

ఈ రెండు ఫలితములకు వైరుధ్యము లేదు. అంకెను చూచి ఊరకుండుట వేరు, అంకెతో పని చేయించుట వేరు. ప్రతి ఉదయము వ్రేలు గ్రుచ్చుకొని, 138 వచ్చిన దిగులుపడి, 121 వచ్చిన మిఠాయి తినువానికి యంత్రము జాతకచక్రము వంటిదే. భోజనమునకు ముందొకసారి, మొదటి ముద్దనుండి రెండుగంటల కొకసారి పరీక్షించి, ఆ పూట తిన్నది ప్రక్కన వ్రాసికొనువానికి మాత్రము అది బెర్న్‌స్టైను యంత్రమే. కూరలు తగ్గించి మూడుమార్లు అన్నము వడ్డించుకొన్న పూట ఎంత? పెసరట్టు తిన్న పూట ఎంత? భోజనానంతరము క్వార్టర్ల చుట్టు ఇరువది నిమిషములు నడచిన నాడెంత? ఈ ప్రశ్నలకు ఏ డాక్టరును కుర్చీలో కూర్చుండి జవాబు చెప్పలేడు. నాలుగు వారముల కాగితము చూపినచో చెప్పగలడు. ఎన్నిమార్లు పరీక్షింపవలెనో కూడ ఆయనయే నిర్ణయించును. ఇన్సులిన్ వాడువారికిని, చక్కెరను మరీ పడవేయు మాత్రలు వాడువారికిని లెక్క వేరు.

యంత్రము కూడ దైవము కాదు. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము 100కు పైబడిన అంకె నూటికి 15 వంతులు ఇటునటు ఉండుట ఒప్పుకొనబడినది. 140కిని 150కిని నడుమ కలత చెందుట వృథా. మామిడిపండు కోసిన చేతిని కడుగక గ్రుచ్చుకొన్నచో పండు చక్కెరయే రక్తపు లెక్కలో పడును. ఢిల్లీలోని మే నెల పట్టీలకు శత్రువు. వానిని సాధారణముగా 30 డిగ్రీలకు లోబడి, మూత బిగించి ఉంచవలెను. కిటికీచెంత గాని, ఎండలో నిలిపిన కారులో గాని విడువరాదు. ఇక జనవరి ఉదయములలో చల్లబడిన వ్రేళ్లనుండి చుక్క వెడలదు, యంత్రమే చలికి ముడుచుకొని హెచ్చరిక చూపుటయు కలదు. గోరువెచ్చని నీటితో చేతులు కడిగి, తుడిచి, చేతిని క్రిందికి వ్రేలాడవిడిచి, కొన అంచున గ్రుచ్చినచో చుక్క వెంటనే వచ్చును.